సంకేత గోపురాల నుంచి సెల్‌ఫోను దాకా

సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాతనే లోకంలో మోసాలు పుట్టినవన్నట్లు ఈ మధ్య చాలమంది మాట్లాడుతున్నారు. పత్రిక తెరిస్తే చాలు, ఎక్కడో ఒక రిటైరయిన ఉద్యోగి జీవితకాలపు పొదుపు ఒక్క పూటలో ఎగిరిపోయిన వార్త కనిపిస్తుంది. లెక్కలు కూడ భయపెట్టేవిగానే ఉన్నవి. 2024లో సైబరు నేరగాళ్ల చేతిలో మన దేశ ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్రప్రభుత్వం లోక్‌సభకు తెలియజేసినది. అంతకు ముందు సంవత్సరం అది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలయినదన్నమాట. ఇది చూచి "ఈ యంత్రాలే వద్దు, పాతకాలమే మేలు" అనేవారు ఒకవైపు, "చదువుకున్నవాళ్లు కూడ ఇంత తెలివితక్కువగా ఎట్లా మోసపోతారు?" అని నవ్వేవారు మరొకవైపు బయలుదేరినారు. ఈ రెండు మాటలూ సరికావని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

దూరాన ఉన్న మనిషి మాటను మన దగ్గరకు చేర్చే సాధనం ఏది వచ్చినా, అది ముందుగా పెంచేది వార్త వేగాన్ని. ఆ వార్త పంపినది ఎవరు, అది నిజమా అని తేల్చుకొనే వేగం మాత్రం వెంటనే పెరగదు. అది పాత నడకనే నడుస్తూ ఉంటుంది. ఈ రెండు వేగాల నడుమ ఏర్పడే ఎడంలోనే మోసగాడు కాపురం పెడతాడు. విద్యుత్తు పుట్టకముందే ఈ సంగతి రుజువయినది.

1814 ఫిబ్రవరి 21వ తేదీ తెల్లవారక ముందు ఇంగ్లండు దక్షిణతీరంలోని డోవరు పట్టణంలో ఎర్రని సైనిక దుస్తులు ధరించిన ఒక మనిషి ఒక సత్రం తలుపు తట్టినాడు. తాను రాయబారి వద్ద పనిచేసే సైనికాధికారిననీ, నెపోలియన్ యుద్ధంలో చనిపోయినాడనీ, మిత్రరాజ్యాల సేనలు పారిస్‌లో ఉన్నవనీ చెప్పినాడు. ఈ శుభవార్తను లండనుకు సంకేతాల ద్వారా వెంటనే అందజేయవలసినదని దగ్గరలోని నౌకాధిపతికి ఉత్తరం కూడ పంపినాడు. ఆనాడు తీరం నుంచి లండను నౌకాశాఖ కార్యాలయం దాకా కొండల మీద, మిట్టల మీద సంకేత యంత్రాలు వరుసగా ఉండేవి. అయితే ఆ ఉదయం దట్టమయిన పొగమంచు కమ్మి ఒక యంత్రం మరొక యంత్రానికి కనబడలేదు. సంకేతం వెళ్లలేదు. ఎర్రదుస్తుల మనిషి గుర్రపుబండిలో లండను చేరినాడు. అదే సమయంలో మరి ముగ్గురు ఫ్రెంచి అధికారుల వేషంలో, ఆకులతో అలంకరించిన బండిలో, కరపత్రాలు చల్లుతూ నగర వీధులలో ఊరేగినారు. వాటాల బజారులో ప్రభుత్వ రుణపత్రాల ధర పైకి లేచింది. వారం రోజుల క్రితం ఆ పత్రాలను పెద్దయెత్తున కొని పెట్టుకొన్న కొందరు వాటిని ఆ పూటే అమ్ముకొన్నారు. మధ్యాహ్నానికి ప్రభుత్వానికి అటువంటి వార్త ఏదీ అందలేదని తేలి ధర కూలింది. నెపోలియన్ అప్పటికి నిక్షేపంగా ఉన్నాడు.

ఈ కేసులో లార్డ్ కోక్రేన్ అనే ప్రసిద్ధ నౌకావీరునికి కూడ శిక్ష పడింది. తాను నిర్దోషినని ఆయన జీవితాంతం వాదించినాడు. 1832లో క్షమాపణ లభించింది. ఆయన దోషి అవునా కాదా అని చరిత్రకారులు తర్కిస్తూనే ఉన్నారు. మనకు కావలసినది ఆ తర్కం కాదు. ఆ రోజు బజారులోని దళారులు అమాయకులు కారు. డబ్బు వ్యవహారంలో ఆరితేరినవారు. కాని వార్తను సరిచూచుకొనేలోగా పక్కవాడు కొనేస్తాడేమో అన్న తొందర వారిని తరిమింది. దానికి తోడు ఆ మనిషి ఒంటి మీద యూనిఫారం ఉన్నది. తొందర, యూనిఫారం అనే ఈ రెంటినీ పాఠకులు గుర్తుంచుకొనగోరుతాను. మళ్లీ వీటితో పని పడుతుంది.

పొగమంచు అడ్డుపడకపోతే ఆ అబద్ధం సర్కారువారి యంత్రం మీదనే ప్రయాణం చేసి, సర్కారువారి వార్తగా లండనులో దిగి ఉండేది. ఇరవై ఏండ్ల తరువాత ఫ్రాన్సులో సరిగా అటువంటి పని జరిగింది. సమాచార సాధనాన్ని సాంకేతికంగా దొంగిలించిన మొదటి పెద్ద ఉదంతంగా దీనిని చెప్పుకొంటారు కనుక కొంత వివరంగా చూద్దాము.

ఫ్రెంచి విప్లవకాలంలో క్లాడ్ షాప్ అనే ఆయన దృశ్య తంతిని నిర్మించినాడు. పేరుకు తంతియే గాని అందులో తీగ లేదు. ఎత్తయిన గోపురం మీద ఒక నిలువు స్తంభం, దాని కొసన నాలుగు మీటర్లకు పైగా పొడవున్న ఒక దూలం, ఆ దూలం రెండు చివరల రెండు చిన్న చేతులు. లోపల కూర్చున్న ఉద్యోగి తాళ్లతో, చక్రాలతో వీటిని తిప్పుతాడు. పక్క గోపురంలోని ఉద్యోగి దుర్భిణిలో చూచి అదే భంగిమను తన యంత్రం మీద అనుకరిస్తాడు. 1794లో పారిస్ నుంచి లిల్ నగరానికి మొదటి వరుస పూర్తి అయినది. ఆ తరువాత అర్ధశతాబ్దంలో అయిదువందలకు పైగా గోపురాలతో దేశమంతా ఈ వల అల్లుకున్నది.

ఇందులోని గణితం విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. ఒక్కొక్క చిన్న చేయి ఏడు స్థితులలో నిలబడగలదు. రెండు చేతులకు కలిపి 7×7 = 49. పెద్ద దూలం అడ్డంగానో నిలువుగానో ఉంటుంది కనుక 49×2 = 98 భంగిమలు. ఇందులో ఆరింటిని యంత్రాన్ని నడిపే ఆజ్ఞలకు విడిచిపెట్టగా 92 మిగిలినవి. సంకేత పుస్తకంలో 92 పుటలు, పుటకు 92 మాటలు. మొదటి భంగిమ పుటను, రెండవది ఆ పుటలోని మాటను తెలుపుతుంది. అంటే రెండే కదలికలతో 8,464 మాటలలో దేనినయినా పంపవచ్చును. పుస్తకం మాత్రం పెద్ద అధికారుల చేతిలోనే ఉండేది. గోపురంలోని చిన్న ఉద్యోగికి తాను తిప్పుతున్న భంగిమల అర్థం తెలియదు. ఇంతకంటె భద్రమయిన ఏర్పాటు ఏముంటుందని ఎవరయినా అనుకొంటారు.

బోర్డో నగరంలో ఫ్రాంస్వా, జోసెఫ్ బ్లాంక్ అనే ఇద్దరు అన్నదమ్ములు ప్రభుత్వ రుణపత్రాల వ్యాపారం చేస్తుండేవారు. పారిస్ బజారులో ధర పెరిగిందో తరిగిందో ఆ వార్త తపాలా బండి మీద బోర్డోకు రావడానికి రోజులు పట్టేది. వచ్చిన తరువాత బోర్డో ధర కూడ అదే దారి పట్టేది. ఆ సంగతి ఒక రోజు ముందు తెలిసినవాడు కూర్చున్నచోట ధనవంతుడు కాగలడు. దృశ్య తంతి గంటలలో వార్తను చేర్చగలదు. కాని అది ప్రభుత్వ కార్యాలకే, ప్రయివేటు వారికి ప్రవేశం లేదు.

1834లో ఈ సోదరులు పారిస్‌కూ బోర్డోకూ నడుమ ఉన్న తూర్ పట్టణంలోని తంతి ఉద్యోగికి లంచం పెట్టినారు. పారిస్‌లోని వారి మనిషి బజారు సంగతి చూచి తపాలాలో ఒక చిన్న పొట్లం ఆ ఉద్యోగి ఇంటికి పంపుతాడు. అందులో చేతితొడుగులో, మేజోళ్లో ఉంటవి. ధర ఎటు పోయిందో వాటి రకమూ రంగే చెబుతవి. ఉద్యోగి మరునాడు సర్కారువారి వార్తను పంపేటప్పుడు దాని నడుమ ఒక తప్పు భంగిమను చేర్చి, వెంటనే "పై భంగిమ పొరపాటు, లెక్కించవద్దు" అనే రద్దు సంకేతాన్ని తగిలిస్తాడు. దారిలోని గోపురాల వారు అర్థం తెలియనివారు కనుక తప్పునూ, రద్దునూ రెంటినీ తు చ తప్పక ముందుకు పంపుతారు. బోర్డో దగ్గర గోపురానికి ఎదురుగా బ్లాంక్ సోదరుల మనిషి ఒకడు కూర్చుని ఆ తప్పును చూచి రాసుకొంటాడు. బోర్డో కార్యాలయంలోని అధికారి నియమం ప్రకారం తప్పును కొట్టివేసి శుభ్రమయిన ప్రతిని తయారుచేస్తాడు. దొంగ జాడను స్వయంగా అధికారియే తుడిచివేసినట్లయినది! తూర్‌నే ఎంచుకోవడంలోనూ కిటుకు ఉన్నది. పారిస్ నుంచి వచ్చే వార్తలలోని తప్పులను తూర్‌లో ఒకమారు దిద్దేవారు. కాబట్టి తప్పును తూర్ దాటిన తరువాతనే చేర్చవలెను.

ఇక్కడ ఒక్కమాట నిలిచి ఆలోచించవలసి ఉన్నది. బ్లాంక్ సోదరులు యంత్రాన్ని పాడుచేయలేదు. సంకేత పుస్తకాన్ని దొంగిలించలేదు. మనుషులు పొరపాట్లు చేస్తారు కదా అని దయతో పెట్టిన దిద్దుబాటు నియమాన్నే వాడుకొన్నారు. ఇప్పటి మోసాలలో పెక్కు ఈ దారినే వస్తున్నవి. రహస్యపదం మరచిపోయినవారి కోసం బ్యాంకులు "మరచిపోయినారా?" అనే ద్వారం పెట్టినవి. ఆ ద్వారానికి తాళంచెవి మన ఫోనుకు వచ్చే ఓటీపీ. దొంగ ఇప్పుడు ముందు వాకిలిని పగులగొట్టడు. మరచిపోయినవాడి వేషం వేసుకొని ఆ ద్వారం దగ్గర నిలబడి, తాళంచెవి మనచేతనే ఇప్పించుకొంటాడు. సిమ్ము పోయినదని చెప్పి మరొకరి నంబరు మీద కొత్త సిమ్ము తీసుకొనే మోసమూ ఈ జాతిదే.

రెండేండ్లు ఈ వ్యాపారం ఎవరికీ అనుమానం లేకుండ సాగింది. 1836లో తూర్ ఉద్యోగి జబ్బుపడి, తన స్థానంలో ఈ పని నడిపించమని తోటివానికి రహస్యం చెప్పబోయి అంతా బయటపడింది. సోదరులను తూర్‌లో విచారించినారు. కాని తంతి మీద సొంత సంకేతం పంపడం నేరమని చెప్పే చట్టమే అప్పటికి లేదు! 1837లో వారు కోర్టు ఖర్చులు కట్టుకొని బయటపడినారు. అదే సంవత్సరం మే నెలలో ప్రభుత్వం కొత్త చట్టం చేసి, అనుమతి లేకుండ సంకేతాలు పంపేవారికి ఒక నెల నుంచి ఏడాది దాకా ఖైదు, వెయ్యి నుంచి పదివేల ఫ్రాంకుల జరిమానా విధించింది. దొంగ వెళ్లిన తరువాత తలుపు వేయడం ఆనాటి నుంచీ ఉన్నదే. ఫ్రాంస్వా బ్లాంక్ తరువాత మాంటికార్లో జూదశాలను వృద్ధిచేసి కోటీశ్వరుడయినాడు. మోసం ఎప్పుడూ చెడుతుందని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ భాగం ఎట్లా చెప్పాలో ఉపాధ్యాయులే ఆలోచించుకొనవలెను.

అలెగ్జాండర్ డ్యూమా 1844లో ప్రారంభించిన "కౌంట్ ఆఫ్ మాంటిక్రిస్టో" నవలలో ఒక దృశ్య తంతి ఉద్యోగికి లంచమిచ్చి దొంగవార్త పంపించి ఒక బ్యాంకరును నష్టపరచే ఘట్టం ఉన్నది. అప్పటి పాఠకులకు అది కట్టుకథగా తోచి ఉండదు.

బ్లాంక్ సోదరుల మోసం బజారులోని వ్యాపారులది. ఇంటిలో కూర్చున్న సామాన్యుని వెదుక్కుంటూ వచ్చే మోసం ఒకటి అదే దేశంలో, అదే కాలంలో, ఉత్తరాల రూపంలో నడిచేది. మొదట దొంగగా ఉండి తరువాత పారిస్ పోలీసుశాఖలో పరిశోధకుడయిన విడాక్ దీనిని గురించి 1830లలో రాసినాడు. విప్లవ కలహాలలో పారిపోయిన ఒక ప్రభువు సేవకుడు రాసినట్లు ఉత్తరం వస్తుంది: "మా యజమాని నగల పెట్టెను మీ ఊరి దగ్గర దాచి పారిపోయినాము. నేను ఇప్పుడు చెరసాలలో ఉన్నాను. కొద్దిపాటి సొమ్ము పంపితే పెట్టె ఉన్నచోటు తెలిపే పటం విడిపించుకొని మీతో పంచుకొంటాను." ఈ ఉత్తరాలు రాసేవారు నిజంగానే ఖైదీలు. బీసేత్రు చెరసాలలో కూర్చుని, ధనవంతుల చిరునామాలు సంపాదించి ఈ పరిశ్రమ నడిపేవారు. నూరు ఉత్తరాలకు ఇరవయింటికి జవాబు వచ్చేదని విడాక్ చెప్పినాడు. తరువాత ఇదే "స్పెయిను ఖైదీ" మోసమని పేరుపడి అట్లాంటికు దాటింది. పాత మోసం మళ్లీ తలయెత్తినదని 1898లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసినది. ఇరవయ్యవ శతాబ్దం చివరకు ఆ ఖైదీ నైజీరియా రాకుమారుడయి, ఈమెయిలు ఎక్కినాడు.

ఈ ఈమెయిళ్లు చూచి నవ్వనివారు లేరు. తప్పుల తడక భాష, నమ్మశక్యం కాని కోట్ల డాలర్లు, నైజీరియా పేరు వినగానే అందరూ జాగ్రత్తపడే రోజులలో కూడ "నేను నైజీరియా వాడిని" అన్న పరిచయం. కాస్త నమ్మదగిన కథ రాయడానికి వాళ్లకు తెలివి లేదా? 2012లో మైక్రోసాఫ్టు పరిశోధనశాలకు చెందిన కోర్మాక్ హెర్లీ ఈ ప్రశ్నకు లెక్కల సాయంతో చక్కని సమాధానం చెప్పినాడు. ఈమెయిలు లక్షమందికి పంపినా ఖర్చు దాదాపు సున్న. ఖర్చంతా జవాబు వచ్చిన తరువాతనే. ఒక్కొక్కరితో వారాల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడపవలెను. ఊహకు ఒక లెక్క తీసుకొందాము. నమ్మదగిన కథకు వెయ్యిమంది జవాబు ఇచ్చి, వారిలో పదిమంది మాత్రమే చివరకు డబ్బు పంపితే, తొమ్మిదివందల తొంభైమంది మీద పడిన శ్రమ వృథా. అదే నమ్మశక్యం కాని కథకు ఇరవైమందే జవాబిచ్చి, వారిలో ఎనిమిదిమంది డబ్బు పంపితే దొంగకు లాభం. అనుమానించేవారిని మొదటనే జల్లెడ పట్టి తీసివేయడానికే ఆ వింత కథ. అంటే ఉత్తరం చూచి నవ్వినవాడు తెలివిగా తప్పించుకొన్నానని సంతోషించనక్కరలేదు. అది అతని కోసం రాసిన ఉత్తరం కానేకాదు. అతని కోసం రాసినది మరొకటి, అతనికి నవ్వురానిది, ఎప్పుడో వస్తుంది.

ఇక విద్యుత్ తంతి సంగతి. మన దేశంలో 1850లో కలకత్తా దగ్గర ప్రయోగంగా ప్రారంభమయి, 2013 జులైలో ముగిసిన ఈ సేవను గురించి పెద్దలకు ఒక జ్ఞాపకం తప్పక ఉంటుంది. తంతిబంట్రోతు సైకిలు వాకిట ఆగితే, కాగితం విప్పకముందే ఇంట్లో ఏడ్పులు మొదలయ్యేవి. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న తంతి చూపించి సెలవు సంపాదించిన గుమాస్తాల కథలు ఏ ఆఫీసులో అడిగినా చెబుతారు. తల్లి పొలంలో కలుపు తీస్తూ ఉంటుంది. తంతి ఇచ్చినవాడు బావమరిది. తంతిలో చేవ్రాలు లేదు, గొంతు లేదు, దస్తూరీ లేదు. ఉత్తరం చూడగానే ఇది నాన్న చేతిరాత అని పిల్లవాడు పోల్చుకొనే సౌకర్యాన్ని తంతి వేగం కోసం వదులుకొన్నాము.

సెలవుకయితే ఈ లోపం ఫరవాలేదు. కాని బ్యాంకులు తంతి మీద సొమ్ము బదిలీ చేయవలసి వచ్చినప్పుడు ఏమి చేసినవో చూస్తే, లోకజ్ఞానం ఒక పద్ధతిగా ఎట్లా మారుతుందో తెలుస్తుంది. "ఫలానావారికి ఇంత సొమ్ము చెల్లించండి" అన్న తంతి వచ్చినంత మాత్రాన ఏ మేనేజరూ చెల్లించేవాడు కాదు. ఆ తంతిలో ఒక రహస్య సంఖ్య ఉండవలెను. తారీఖుకు ఒక అంకె, సొమ్ముకు ఒక అంకె, శాఖకు ఒక అంకె, ఇట్లా పుస్తకంలోని పట్టికల నుంచి తీసి కూడితే వచ్చే మొత్తం అది. పుస్తకం వేరే దారిన వచ్చి ఇనపపెట్టెలో తాళం వేసి ఉండేది. సొమ్ము మారితే సంఖ్య మారుతుంది, రోజు మారితే సంఖ్య మారుతుంది. తంతి కార్యాలయంలోని మనిషికి సందేశమంతా కనబడినా మరుసటి రోజు దానితో కొత్త తంతిని కల్పించలేడు. పైగా వెనుకనే తపాలాలో ధ్రువపత్రం వచ్చేది. వార్త ఒక దారిన, రుజువు మరొక దారిన. ఈ ఒక్క సూత్రాన్ని బ్యాంకులు తమ సొమ్ము కోసం నూరేండ్ల క్రితమే పాటించినవి. మన సొమ్ము విషయంలో మనం పాటించకపోవడం విచారకరం.

తీగ కూడ లేకుండ వార్త పంపే కాలం వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులే కాస్త గర్వపడినారు. తన నిస్తంత్రీ వార్తలు శ్రుతిచేసిన యంత్రానికి తప్ప ఇతరులకు అందవని మార్కోని చెప్పుకొన్నాడు. 1903 జూన్ 4న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయన సహచరుడు ఫ్లెమింగ్ దీనిని సభలో ప్రదర్శించబోయినాడు. మరుసటి ఏడు డయోడు వాల్వును కనిపెట్టిన ఫ్లెమింగే ఈయన. దూరాన కార్న్‌వాల్ తీరంలోని పోల్డ్యూ నుంచి మార్కోని సందేశం రావలసి ఉన్నది. అది రాకముందే యంత్రం టకటకలాడి "రాట్స్, రాట్స్" అని ఎగతాళి మాటలు కొట్టడం మొదలుపెట్టింది. ఆ తరువాత మార్కోనిని వెక్కిరించే పద్యం! పంపినవాడు నెవిల్ మాస్కెలిన్, ఇంద్రజాలికుల కుటుంబానికి చెందినవాడు, నిస్తంత్రీ విద్య నేర్చినవాడు. ఫ్లెమింగ్ మండిపడి ఇది శాస్త్రరంగంలో రౌడీతనమని టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసినాడు. రహస్యమని మీరు చెప్పినదానిని పరీక్షించినాను, తప్పేమిటని మాస్కెలిన్ జవాబిచ్చినాడు. మాస్కెలిన్ పూర్తిగా నిస్వార్థపరుడేమీ కాదు. మార్కోనికి పోటీగా ఉన్న సముద్రతంతి కంపెనీకి అతడు అంతకు ముందు పని చేసి పెట్టినాడు. అయినా అతని వాదమే నాకు న్యాయంగా తోస్తుంది. "మా పద్ధతి భద్రమయినది" అని అమ్మేవాడు చెప్పిన మాట భద్రతకు సాక్ష్యం కాదు.

ఇప్పుడు మన చేతిలోని ఫోనుకు వద్దాము. తెర మీద కనిపించే నంబరును చాలమంది సాక్ష్యంగా భావిస్తారు. ఉత్తరం కవరు మీద "పంపినవారు" అన్నచోట ఎవరయినా ఏ పేరయినా రాయవచ్చును గదా. కాలు పుట్టినచోటి యంత్రం చెప్పినదే ఈ నంబరు. అక్కడ అబద్ధం చెబితే ఇక్కడ అబద్ధమే కనిపిస్తుంది. విదేశాల నుంచి చేసి మన దేశపు నంబరులాగ చూపే కాల్సును అడ్డుకొనే ఏర్పాటును టెలికం శాఖ 2024 అక్టోబరులో ప్రారంభించినది. మొదటి 24 గంటలలో పట్టుబడినవి సుమారు 1.35 కోట్లు.

2016లో వచ్చిన యూపీఐ చాల మంచి సాధనం. కూరగాయల బండి దగ్గర చిల్లర తగాదా లేకుండ చేసినది. అందులో ఒక నియమం మాత్రం ప్రతి విద్యార్థీ ఇంట్లో అమ్మమ్మకు నేర్పవలసినది: పిన్ను కొట్టడమంటే మన ఖాతా నుంచి డబ్బు తీయమని సంతకం చేయడం. మనకు డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. "మీకు డబ్బు పంపుతున్నాను, అందుకోవడానికి పిన్ను కొట్టండి" అన్నవాడు ఎవరయినా సరే దొంగే. ఈ పద్ధతిన వ్యక్తులు వ్యక్తులను డబ్బు "కోరే" సౌకర్యాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఆపివేసినది. 1837 నాటి ఫ్రెంచి చట్టం గుర్తుకు వస్తుంది.

అన్నింటిలోకీ ఘోరమయినది "డిజిటల్ అరెస్టు". మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందు దొరికిందనో, మీ ఆధారు మీద దొంగ ఖాతా ఉన్నదనో ఫోను వస్తుంది. వీడియోలో యూనిఫారంలో అధికారి, వెనుక గోడకు పటాలు. డోవరు సత్రం తలుపు తట్టిన ఎర్రదుస్తులు ఇవే. 2024లో ఒక ప్రముఖ వస్త్రపరిశ్రమ అధినేతను, ఎనభై దాటిన పెద్దమనిషిని, ఇట్లాగే బంధించి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి విచారణ జరుపుతున్నట్లు నాటకమాడి 7 కోట్ల రూపాయలు కాజేసినారు. అందులో అయిదు కోట్లకు పైగా పోలీసులు తరువాత రాబట్టగలిగినారు. వీడియోలో అరెస్టు చేసే పద్ధతి మన చట్టాలలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడ ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఇంత అనుభవజ్ఞుడు లొంగిపోవడం తెలివి లేక కాదు. మోసగాళ్లు మొదట చెప్పే రెండు ఆజ్ఞలను గమనించండి. "ఫోను పెట్టవద్దు, ఎవరికీ చెప్పవద్దు." మొదటిది వ్యవధిని తీసివేస్తుంది, రెండవది రెండవ దారిని మూసివేస్తుంది. లోకజ్ఞానం అని మనం పిలిచేది పుర్రెలో స్థిరంగా ఉండే వస్తువు కాదు. కాసేపు ఆగడమూ, పక్కవాడిని అడగడమూ, ఈ రెండు పనులకే మనం ఆ పేరు పెట్టుకొన్నాము. ఆ రెండూ లేనప్పుడు ఎంత చదువరి అయినా భయపడిన పిల్లవాడే. అందుకే మోసపోయినవారిని ఇంట్లో నవ్వకూడదు. నవ్వుతారన్న సిగ్గుతో వారు ఒక రోజు దాచిపెడితే సొమ్ము పది ఖాతాలు మారిపోతుంది. వెంటనే 1930 నంబరుకు చెప్పినవారి సొమ్మును మధ్యలో ఆపగలిగిన సందర్భాలు చాల ఉన్నవి.

ఇంతకూ అవతల మాట్లాడుతున్నది ఎవరు? 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకొన్నప్పుడు దీనికి సగం సమాధానం దొరికింది. విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు నిరుద్యోగ యువకుల వద్ద ఒక్కొక్కరికి సుమారు లక్షన్నర రూపాయలు వసూలు చేసి కంబోడియాకు పంపినారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కొని, గదులలో నిర్బంధించి, తోటి భారతీయులను ఫోనులో మోసగించే పనిలో పెట్టినారు. చెప్పిన పని చేయనివారికి తిండి పెట్టలేదు. కంబోడియాలో లక్షమంది, మయన్మారులో లక్షా ఇరవైవేలమంది ఇట్లా బలవంతంగా పనిచేస్తూ ఉండవచ్చునని 2023లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం అంచనా వేసినది.

బీసేత్రు ఖైదీలు తాము ఖైదీలమని ఉత్తరంలో రాసేవారు. వారి మాటలలో నిజమయినది అదొక్కటే. కంబోడియా గదులలో ఫోను పట్టుకొన్న విశాఖ కుర్రవాడు ఆ ఒక్క నిజాన్నే దాచి, తాను పోలీసు అధికారినని చెప్పవలసి వచ్చింది. 2024 మే 20న సిహనౌక్‌విల్ పట్టణంలో మూడువందలమంది దాకా భారతీయులు ఎదురుతిరిగినారు. ఆ నెలాఖరులో వారిలో మొదటి బృందం విశాఖ విమానాశ్రయంలో దిగింది. ఏజెంట్లకు కట్టిన లక్షన్నర కోసం చేసిన అప్పులు అప్పటికి వారి ఇండ్లలో అట్లాగే ఉన్నవి.